తమ్ముడు తాగిన ప్లాస్మిడ్

మా తమ్ముడి జబ్బు మొదట బయటపడింది అటక దగ్గర. ఇంట్లో అందరికంటే పొడుగు వాడే కాబట్టి పైనున్న డబ్బాలు దించే పని ఎప్పుడూ వాడిదే. ఒక సాయంత్రం మరమరాల డబ్బా కోసం మడమలెత్తబోయాడు, మడమలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు. పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఉన్నాయని నవ్వాడు. అమ్మా నేనూ కూడా నవ్వాము. అప్పటికి వాడు డిగ్రీ చివరి ఏడు చదువుతున్నాడు, కాలేజీ తరఫున కబడ్డీ ఆడేవాడు. ఏడాది తిరక్కుండానే మెట్లెక్కడానికి తొడ మీద చెయ్యి ఆనించవలసి వచ్చింది. ఆ తర్వాత కింద కూర్చుంటే లేవడానికి గోడ కావలసి వచ్చింది.

కోవిల్‌పట్టి తమిళనాడులో, తరతరాలుగా తెలుగువాళ్లం ఉంటున్న మా ఊరు. ఇక్కడ అగ్గిపెట్టెను తీప్పెట్టి అనీ, దాన్ని చేసే కార్ఖానాను ఆఫీసు అనీ అంటారు. మా అమ్మ పెళ్లయినప్పటి నుంచీ తీప్పెట్టి ఆఫీసుకే పోతోంది. "మా అమ్మ ఆఫీసులో పనిచేస్తుంది" అని నేను బయటివాళ్లతో చెబితే వాళ్లు ఫ్యానూ కుర్చీ ఊహించుకుంటారు. నేను సరిదిద్దను, ఊహించుకోనీ. అమ్మ కూర్చునేది నేల మీద, పుల్లల కుప్పకూ ఖాళీ పెట్టెల కుప్పకూ నడుమ. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు కూడా నొప్పులొచ్చే దాకా పనికి పోయింది. పుల్లల తలకు అద్దే మందు వాసన పీల్చి పీల్చి, అది బిడ్డ కాళ్లకు పట్టిందని ఆమె నమ్మకం. ఆమెను ఎవరూ ఆ మాట అనలేదు. తన మీద తానే వేసుకున్న నింద అది, ఇంకెవరైనా తీసేస్తామన్నా ఇచ్చేది కాదు.

తప్పు తనది కాబట్టి నయం చేసే పనీ తనదే అనుకుంది. ఆఫీసుకు ఆదివారం సెలవు. ప్రతి ఆదివారం వాణ్ని బస్సెక్కించి ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోయేది. ఒట్టపిడారం అవతల ఒక పల్లెలో ఎముకలు కట్టే ఆయన. పాంచాలంకురిచ్చి దారిలో కషాయాలు కాచే ముసలమ్మ. కారియాపట్టిలో కాగితం మీద మంత్రం రాసి, దాన్ని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు తాగించే పెద్దాయన. నేను గొణిగితే, "ఏ పుట్టలో ఏ పాము ఉండాదో ఎవురికి తెలుసు" అనేది. ఆ పాములన్నీ మా తమ్ముడినే కరిచాయి.

ఎముకలు కట్టే ఆయన వీడి కాళ్లు చూసి, నరాలు మొండికేశాయి వంచాలి అన్నాడు. వంచడమంటే గుంజీలు. వాడు అమ్మ ముఖం చూసి ఓపిక ఉన్నంతవరకూ తీశాడు, ఓపిక పోయాక కూడా తీశాడు. మర్నాడు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. మదురైలో డాక్టరు దగ్గరకు పరుగెత్తాము. కండరాలు చిరిగి ఆ రంగు దిగుతోందని, ఇలాంటి జబ్బులో బలవంతపు కసరత్తు అగ్నికి ఆజ్యం పోయడమేనని ఆయన కోప్పడ్డాడు. వాడి రక్తం తీసి జీన్ పరీక్షకు కూడా పంపాడు.

ఆ పరీక్ష తేల్చింది ఇది. కండరానికి పైన ఒక పలచని పొర ఉంటుంది. మనం నడిచినా, బరువెత్తినా ఆ పొరకు చిన్న చిన్న చిరుగులు పడతాయి. వాటిని ఎప్పటికప్పుడు కుట్టే ప్రోటీన్ ఒకటుంది. మా తమ్ముడిలో ఆ ప్రోటీన్ జీన్‌లో ఒక అక్షరం మారి ఉంది, అమ్మ నుంచి వచ్చిన ప్రతిలోనూ, నాన్న నుంచి వచ్చిన ప్రతిలోనూ. కానీ ఆ అక్షరం మార్పును అంతకుముందు ఎవరూ చూడలేదట. జబ్బు దానివల్లే వచ్చిందని చెప్పలేం, కాదనీ చెప్పలేం అని రిపోర్టు. అంత శాస్త్రం చదివిన కాగితం కూడా చివరికి మా అమ్మ మాటే చెప్పింది, ఏ పుట్టలో ఏ పామో తెలియదని.

ఆ రోజు ఇంటికి వచ్చాక తమ్ముడు నన్ను వాకిట్లోకి పిలిచాడు. నేను విరుదునగర్ బయట ఒక కాలేజీ ల్యాబ్‌లో పరిశోధన చేస్తాను. కణాలు పెంచడం, వాటిలో ప్రోటీన్లు తయారుచేయించి చూడటం నా పని. వాడికి ఆ సంగతి బాగా తెలుసు.

"అక్కా, ఆ మార్పు ఇదా కాదా, నీ ల్యాబులో చూడలేవా?" అన్నాడు.

"చూడొచ్చేమో. చూసినా నయం కాదురా. దానికి ఇంకా మందు లేదు."

"నయం అయ్యేదానికి కాదుక్కా. ఇదిదా, ఇదే అని తేలితే అమ్మకి చెప్పేస్తాను, ఇంక ఎవురూ ఏమీ చేయలేరు, నన్ను ఇంట్లో ఉండనీ అని. తేలలేదంటే మళ్లా ఆదివారం, మళ్లా బస్సు. నాకి ఓపిక లేదు."

వాడు ఏ రోజూ నన్ను ఏదీ అడిగినవాడు కాదు. నేను సరే అన్నాను.

నా గైడ్ మేడం మాటల మనిషి కాదు. నేను చెప్పిందంతా విని, కాలేజీ నుంచి రావలసిన అనుమతుల కోసం రాసింది. తమ్ముడి చేత సంతకం పెట్టించింది. ఆ తర్వాత ఆ ప్రోటీన్ మీద పనిచేస్తున్న వేరే ల్యాబ్‌కు రాసి, వాళ్ల దగ్గరున్న ప్లాస్మిడ్ పంపమని అడిగింది. ప్లాస్మిడ్ అంటే చిన్న గుండ్రని డీఎన్ఏ. మనిషి కండరంలోని ఆ ప్రోటీన్‌ను ఎలా కట్టాలో దాని మీద పూర్తిగా రాసి ఉంటుంది. ఆ రాతకు ముందు, జంతువుల కణం దాన్ని చదవడం మొదలుపెట్టేలా ఒక ముక్క ఉంటుంది. చివర ఒక తోక రాసి ఉంటుంది. ప్రోటీన్ మామూలుగా కంటికి కనిపించదు కానీ ఆ తోక నీలి కాంతిలో ఆకుపచ్చగా వెలుగుతుంది. మందలో మన మేకను గుర్తుపట్టడానికి వీపు మీద రంగు పూస్తామే, అలాంటిదే.

అప్పుడు వేసవి సెలవులు. కాలేజీకి వచ్చిన టపా ఏ గదిలో పడుతుందో దేవుడికే తెలియాలి. అందుకని మేడం మా ఇంటి చిరునామా ఇచ్చింది. రెండు ఊళ్ల మధ్య రోజూ సాత్తూరు మీదుగా బస్సులో తిరిగే నాకు ఇంటికి వచ్చేదే మేలు. ఒకరోజు అన్నాలు తింటూ అమ్మకు చెప్పాను, ఒక కవరు వస్తుంది, జాగ్రత్తగా పెట్టు అని. అందులో ఏముందని అడిగింది. నేను కందిపొడి కలుపుకుంటూ, "వీని ఒంట్లో సరిగా లేనిది ఒకటుందిగదా, దాని సరైన నకలు. కాయిదం మీద ఎండబెట్టి పంపిస్తారు" అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. అమ్మ ఏమీ అడగలేదంటే ఏదో నిశ్చయించుకుందని నాకు తెలిసి ఉండాలి, ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె కూతురిని.

నేను చెప్పింది అక్షరాలా నిజం. డీఎన్ఏ ఎండితే చాలా కాలం చెడదు. ఒక చుక్కను వడపోత కాగితం మీద వేసి ఆరబెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసి, మామూలు కవరులో పంపుతారు. అందుకున్నవాళ్లు ఆ గుండ్రాన్ని కత్తిరించి నీళ్లలో నానబెడితే డీఎన్ఏ నీళ్లలోకి దిగుతుంది.

కవరు వచ్చిన రోజు రాత్రి కూడా ఇంటికి రాకుండా నేను ల్యాబ్‌లో ఉన్నాను. మర్నాడు సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అమ్మ ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ముఖంలో చాలా రోజులుగా చూడని తేట. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"నిన్న కవరు ఏమన్నా వచ్చెనా అమ్మా?"

"వచ్చె. తమ్మునికి ఇచ్చేస్తిని."

"ఇచ్చేస్తివా? వాడెందుకు?"

"నీళ్లలో నానేసి ఇచ్చేస్తిని. పొద్దున్నే, పరగడుపున."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊరంతా ఎరుగును. ఆ రోజు మాత్రం కోపం రావడానికి కూడా కొంచెం సేపు పట్టింది. ఎవరు చెప్పారు నీకు అలా చేయమని అని అడిగాను.

"నువ్వుదా చెప్పితివి. వాని ఒంట్లో లేనిది ఆ కాయిదంలో ఉండాదని."

"మందని చెప్పితినా?"

"కవరు తీసి చూస్తిని. గుండ్రంగా గీసి ఉండాది, లోపల రాసింది ఏదీ కనిపించలె. కారియాపట్టి తాత రాసేది కూడా నీళ్లలో వేస్తే కనిపించదుగదా. సరి, ఇది అట్లాంటిదే, కొంచెం పెద్ద చదువుది అనుకొంటిని."

ఆమె చేసిన పనిలో మొదటి సగం మేము ల్యాబ్‌లో చేసేదే. గుండ్రం వరకు కత్తిరించింది కూడా. అప్పుడు వచ్చింది నాకు కోపం. గొంతు పెంచి అరిచాను. అది కడుపులోకి పోతే ఏమీ చేయదు, తిన్న అన్నంతో పాటు అదీ అరిగిపోతుంది అన్నాను.

"అరిగితేదానే ఒంట్లో కలిసేది" అంది అమ్మ, చాలా శాంతంగా.

చేతిలో ఉన్న టిఫిన్ డబ్బాను చప్పుడయ్యేలా కింద పెట్టాను. తమ్ముడు గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాడి మీద పడ్డాను. నీకు తెలుసుగదరా అది ఏమిటో, నేను చెప్పినప్పుడు పక్కనే ఉన్నావు, ఎందుకు తాగావు అన్నాను.

"తెలుసుక్కా. అమ్మ టంబ్లర్ పట్టుకొని నిలబడె. ఆఫీసుకి టయిం అవుతా ఉండె. నేను వద్దంటే అమ్మకి ఆ దినమంతా పని సాగదు. నీళ్లేగదా అని తాగితిని."

"నువ్వు అడిగిన జవాబే అదిరా. దాన్నే తాగేస్తివి."

"ఇంకొకటి పంపమని అడగలేవా?"

"ఏమని అడగాల? మా తమ్ముడు తాగేసినాడు అనా?"

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అమ్మ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వుతున్నాం కాబట్టి మరీ పెద్ద తప్పు కాదనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

కారియాపట్టి పెద్దాయనది ఒక నియమం ఉంది. మంత్రం నానిన కాగితం కాలికింద పడకూడదు, పారే నీళ్లలోనే వదలాలి. మా కరిసల్ నల్లనేలలో పారే నీళ్లు కావాలంటే అక్టోబరులో ఐప్పసి వానలు పడేదాకా ఆగాలి. అందుకని అమ్మ అలాంటి కాగితాలను దేవుడి పటం మూలకు అంటించి ఉంచుతుంది. ఆ సంగతి అన్నం తింటుండగా గుర్తొచ్చింది. ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి చూశాను. పటం కింద మూలన, పాత కాగితాల పక్కన, రూపాయి బిళ్లంత తెల్లని గుండ్రం ఆరి అంటుకుని ఉంది. దానికి అమ్మ పసుపు బొట్టు కూడా పెట్టింది. నానిన కాగితంలో పిసరంతైనా మిగిలి ఉండకపోదు. చెయ్యి కడుక్కుని వచ్చి, చినగకుండా ఊడదీశాను. అమ్మ వద్దనలేదు, రెండు చేతులూ జోడించింది.

మర్నాడు దాన్ని మేడం ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. పసుపు ఎందుకని అడిగింది, చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. "సరే, ఇంకోసారి నానబెట్టు" అంది తమిళంలో. బొట్టు ఉన్న అంచు కత్తిరించి పారేసి, మిగిలినదాన్ని నానబెట్టి, ఆ నీటిని బ్యాక్టీరియాకు పట్టించాము. ప్లాస్మిడ్‌ను లోపలికి తీసుకున్న బ్యాక్టీరియా మాత్రమే బతికేలా పళ్లెంలో విషం కలిపి ఉంటుంది. మామూలుగా పళ్లెం నిండా తెల్లని చుక్కలు మొలవాలి. మాకు ఒక్కటే మొలిచింది, గసగసాల గింజంత. చాలు. ఒక్కటుంటే దాన్నించి ఎంతైనా పెంచుకోవచ్చు. అది మేము కోరిన ప్లాస్మిడేనని పరీక్షలు చేసి నిర్ధారించుకున్నాము. ఇంటికి వచ్చి చెబితే అమ్మ, "పటంలో తల్లి నీకీ కొంచెం మిగిల్చె" అంది. ఆమె లెక్కలో ఎక్కువ భాగం తమ్ముడికే దక్కింది.

అసలు పని అప్పుడు మొదలైంది. ఆ ప్లాస్మిడ్ మీద ఉన్నది జబ్బు లేని మనిషి రాత. దాని పక్కన పెట్టి చూడటానికి మా తమ్ముడి రాత కావాలి. అంటే ఆ పొడవాటి రాతలో సరిగ్గా వాడికి మారిన చోట, వాడికి మారినట్టే ఒక అక్షరం మార్చాలి. ఆ ప్రోటీన్ చాలా పెద్దది, రాతా పొడవే, ఒకచోట మారిస్తే మరోచోట చెడిపోతుంది. వారాల తరబడి కుదరలేదు. చివరకు కుదిరింది. అక్షరాలన్నీ చదివించి చూస్తే ఒక్క పొరపాటూ లేదు. ల్యాబ్‌లో అందరూ మెచ్చుకున్నారు, ఒకరు కోవిల్‌పట్టి పల్లీల కడలై మిఠాయి పంచమన్నారు. పంచాను. నాకు మాత్రం తినబుద్ధి కాలేదు. మా తమ్ముడి జబ్బును నా చేతులతో నేనే ట్యూబులో తయారుచేసినట్టు అనిపించింది.

రెండు ప్లాస్మిడ్లనూ మనిషి కణాల్లోకి పంపాలి. ఎప్పుడో ఎవరి నుంచో తీసి, లోకంలోని ల్యాబులన్నింటిలో పెంచుతూ వస్తున్న కణాలవి, మా దగ్గరా ఉన్నాయి. వాటిని పసిబిడ్డల్లా ఒకే వెచ్చదనంలో ఉంచాలి. కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుందో లేదోనని పక్కనే కాపలా ఉండేదాన్ని. మేడం ఒక షరతు పెట్టింది. ఇది నీ ఇంటి సంగతి, నీ కళ్లు నీకు కావలసిందే చూపిస్తాయి, కాబట్టి ఏ గిన్నెలో ఏది ఉందో నీకు తెలియకూడదు అంది. ప్లాస్మిడ్లు ఇచ్చిందీ, గిన్నెలకు గుర్తులు పెట్టిందీ ఆమే. మూతల మీద ఒకదానికి చుక్క, ఒకదానికి గీత. నేను చూసి చెప్పాలి, అంతే.

సూక్ష్మదర్శిని ఉన్న గది చిన్నది, తలుపు మూస్తే చీకటి. కళ్లు ఆనించే ముందు నాకు ఒక విషయం తెలిసొచ్చింది. తమ్ముడు అడిగింది తేలాలని. నేను కోరుకుంటున్నది తేలకూడదని. రెండు గిన్నెలూ ఒకేలా ఉండాలి, ఆ అక్షరం వల్ల ఏమీ కాలేదని తేలాలి, అసలు జబ్బు ఇంకేదో అయి దానికి ఎక్కడో ఒక మందు ఉండాలి. ఇన్ని నెలలూ అమ్మను వెక్కిరించిన నేను ఆ గదిలో అచ్చం అమ్మలాగే ఉన్నాను.

చుక్క పెట్టిన గిన్నెలో కణాల అంచులు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ప్రోటీన్ పోవలసిన చోటికే పోయింది, పైపొరకు చేరి, ప్రతి కణం చుట్టూ సన్నటి వెలుగు గీత గీసింది. అంత అందమైనది ఈ మధ్య కాలంలో నేను చూడలేదు. గీత పెట్టిన గిన్నె మార్చాను. వెలుగు ఉంది, అంచులో కాదు. కణం నడుమ ముద్దలు ముద్దలుగా ఇరుక్కుపోయి ఉంది. తయారైంది, కానీ మడత సరిగా కుదరక బయలుదేరిన చోటే ఆగిపోయింది. ఏది ఎవరిదో మేడం చెప్పనక్కర్లేకపోయింది. ఏడవలేదు, లెన్సు పాడవుతుందని భయం.

మేడం మళ్లీ చేయమంది. మళ్లీ అదే వచ్చింది. ఆమె తన చేత్తో కూడా చేసి చూసింది. మదురై డాక్టరు మా బొమ్మలనూ, అంతలో చేయించిన తమ్ముడి కండరం ముక్క పరీక్షనూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఇక సందేహం లేదు, ఇదే అన్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టి ఫోన్‌లో బొమ్మలు చూపించాను. తమ్ముడు రెండింటినీ వేళ్లతో పెద్దవి చేసి చూశాడు.

"ఇదిగదా నాది" అన్నాడు, ముద్దలున్నది చూపించి.

"అవును."

"బాగానే వెలుగుతా ఉండాది" అన్నాడు.

అమ్మ మంచిదాన్ని చూపించి, దీన్ని వీడి కాళ్లలోకి పంపలేరా అని అడిగింది. ఇప్పుడు కుదరదన్నాను. ఎప్పటికన్నా అంది. ఎక్కడెక్కడో ప్రయత్నాలు చేస్తున్నారు, అది మందుగా వచ్చేదాకా వీడి కండరం ఆగదు అన్నాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు, కానీ చెప్తే మళ్లీ బస్సే. అమ్మ తలూపింది. ఉన్నట్టుండి అడిగింది, "అట్లయితే తీప్పెట్టి మందు కాదా?"

"కాదుమా. నువ్వు ఆఫీసుకి పోయినదానికీ దీనికీ సంబంధం లేదు."

అమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఎన్నో ఏళ్ల భారం దిగుతున్నప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. అది ఎక్కువసేపు ఉండలేదు.

"మరి ఎట్ల వచ్చె?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. బస్సులో దీనికే మాటలు వెతుక్కుంటూ వచ్చాను, దొరకలేదు. "నీ దగ్గర ఒకటి, నాయన దగ్గర ఒకటి ఉండె. మీకి ఒక్కొక్కటే కాబట్టి ఏమీ కాలేదు. రెండూ కలిసి వీనికి వచ్చె" అన్నాను.

మా నాన్న అమ్మకు సొంత మేనమామ, మా అమ్మమ్మకు చిన్న తమ్ముడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా వాళ్లలో ఇలాంటి పెళ్లి కాని ఇల్లే తక్కువ. ఎందరో చేసుకున్నారు, అందరి పిల్లలకూ ఇలా కాలేదుగదా అని నేను గబగబా చెప్పుకుపోయాను. అమ్మ వినడం లేదు.

"నేను మామను వద్దంటిని" అంది. "ఎత్తుకొని తిరిగినాయన, ఆయన్ని ఎట్ల చేసుకొనేది అని ఏడిస్తిని. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉండాల అనిరి. ఎవురు వినిరి."

ఈ మాట మాకు తెలియదు. నాన్న బతికున్నప్పుడు గానీ, పోయాక గానీ అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. తమ్ముడు కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"నువ్వు వద్దని నిలబడి ఉంటే నేను ఉండనుగదమా."

"ఉండవు" అంది అమ్మ. "వేరే ఎవురి ఇంట్లోనో పుట్టి, నడుస్తా ఉంటావు."

నేను ఇద్దరి వైపూ చూడలేక లేచి, మరిగిపోతున్న పాలు దించాను. నా వెనక తమ్ముడు చెప్పాలనుకున్నది చెప్పేశాడు. ఇంక నన్ను యాడికీ పిలుచుకొని పోవద్దుమా, కసరత్తు వద్దు, కషాయం వద్దు, ఏదీ వద్దు, అలిసిపోతిని అన్నాడు. అమ్మ బతిమాలుతుంది, ఒక్క చోటికి, ఒక్కసారి అంటుంది అనుకుని నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. అవసరం పడలేదు.

"సరి అయ్యా" అంది అమ్మ.

ఆదివారం నేను కొంచెం ఆలస్యంగా లేచాను. ఎప్పుడూ ఆ పొద్దు మా ఇంట్లో హడావిడిగా ఉంటుంది, అమ్మ నీళ్ల సీసా నింపుతూ, చిల్లర వెతుకుతూ, బస్సు పోతుందని వాణ్ని తొందరపెడుతూ ఉంటుంది. ఆ రోజు పెరట్లో గుడ్డలు ఉతుకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాణ్ని నిద్రపోనిద్దామని అమ్మ లేపలేదు కాబోలు, ఆఖరికి ప్రశాంతంగా ఒక ఆదివారం వచ్చిందనుకున్నాను. ముందు గదిలోకి వెళితే తమ్ముడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలంటు పోసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎవరి సాయం లేకుండా అవన్నీ చేసుకోవడానికి వాడికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, చాలా ముందే లేచి ఉండాలి.

"ఎక్కడికిరా?" అన్నాను.

"యాడికీ లేదు. ఊరికే."

వాడి చూపు పెరటి తలుపు మీద ఉంది. ఉతికే చప్పుడు ఆగినప్పుడల్లా కొంచెం నిటారుగా కూర్చుంటున్నాడు. చప్పుడు మళ్లీ మొదలయ్యాక, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"నేనేగదా అక్కా అడిగితిని. అయినా అమ్మ ఒక్కసారన్నా కాదంటుందని అనుకొంటిని."